ట్రిప్పు అయిపోయింది, కార్డు బిల్లు అవలేదు

ప్రశ్న: మాది అనంతపురం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, చేతికి 78,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే ధర్మవరం చీరలు అమ్ముతుంది. పెళ్లై ఇరవై ఏళ్లయిందని 2025 డిసెంబరు 12న చెక్ దేశ రాజధాని ప్రాగ్ వెళ్లి నాలుగు రాత్రులు ఉన్నాం. ప్యాకేజీ 3,60,000, టీసీఎస్ (ప్యాకేజీ మీద ఏజెంటు ముందుగానే వసూలు చేసే ఇన్‌కమ్ టాక్స్) 18,000, అక్కడ కార్డు మీద 1,24,000 అయ్యాయి. చీటీ పాడి 2 లక్షలు, నగలు పెట్టి లక్షన్నర తెచ్చాం. ఎక్కడికి పోయినా తలుపులు మూసే ఉన్నాయి, సాయంత్రం నాలుగుకే చీకటి. కార్డుకు మినిమం 6,200 కట్టాను. మే నెలలో స్విట్జర్లాండ్‌కు ఈ నెలాఖరులోగా 50,000 అడ్వాన్స్ ఇస్తే 40,000 తగ్గిస్తానంటున్నాడు ఏజెంటు. ‘ఒక్కసారైనా సరిగ్గా చూసి వద్దాం’ అంటోంది మా ఆవిడ. పాప ఫీజుకని ఎఫ్‌డీ 2,20,000 ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: సార్, అడ్వాన్స్ ఇవ్వొద్దు. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

మన జిల్లాలో ఒక బోరు ఫెయిలైతే ఆ కసితోనే పది అడుగుల అవతల ఇంకోటి వేయించినవాళ్లు మీకూ తెలుసు. మొదటి బోరు అప్పు తీరకముందే రెండోది. మేడమ్ గారి మాట వింటే నాకు అదే గుర్తొచ్చింది. ఆమె బాధ నిజమే. కానీ ఆ బాధ మే నెలలో తీరాలంటే జనవరి అప్పు మీద ఇంకో అప్పు చేయాలి.

మీ పూర్తి ఉత్తరంలో రాసినదాన్ని బట్టి మీ ప్రయాణం ఎక్కడ దెబ్బతిందో చూడండి. శుక్రవారం మధ్యాహ్నం దిగారు. శనివారం యూదుల పేటకు వెళ్లారు, అది వాళ్ల విశ్రాంతి దినం, ప్రార్థనాలయాలు మూస్తారు. ఆదివారం ఉదయం సెయింట్ వైటస్ చర్చికి వెళ్లారు, అప్పుడు ప్రార్థనలు, టూరిస్టులను మధ్యాహ్నం నుంచే లోపలికి వదులుతారు. సోమవారం నేషనల్ గ్యాలరీకి సెలవు. మంగళవారం తెల్లారి విమానం. ఊరి తప్పేమీ లేదు, వారాలు చూసుకోకుండా ప్లాన్ వేసిన మనిషిది తప్పు. ఆ మనిషే ఇప్పుడు స్విట్జర్లాండ్ అమ్ముతున్నాడు. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలే. మీకు దొరికింది మూడు నిండు రోజులు, అంటే ఇరవై నాలుగు గంటల వెలుతురు. టీసీఎస్ పక్కన పెడితే మొత్తం ఖర్చు 4,84,000. గంటకు ఇరవై వేల పైచిలుకు. అందులో కొంతసేపు పాత టౌన్‌హాల్ గోడకున్న 1410 నాటి గడియారం కింద చలిలో నిలబడటానికే పోయిందన్నమాట, నిమిషం కూడా నిండని బొమ్మల ఆట కోసం!

ఇక కార్డు. ఇక్కడే మీ రక్తం కారుతోంది. వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. 1,24,000 మీద 4,340, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే దాదాపు 5,120. మీరు కట్టే 6,200లో అసలుకు చేరేది వెయ్యి చిల్లర. ఏడు శాతం తెచ్చే ఎఫ్‌డీని భద్రంగా దాచుకుని నలభై రెండు శాతం వడ్డీ కడుతున్నారు. పాప ఫీజు డబ్బు ముట్టుకోకూడదన్న సెంటిమెంట్ నాకు అర్థమవుతుంది, అందుకే విరగ్గొట్టమనడం లేదు. బ్యాంకుకు వెళ్లి ఆ ఎఫ్‌డీ మీదే 1,25,000 లోన్ తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది, నెలకు తొమ్మిది వందల దగ్గర పడుతుంది. ఆ డబ్బుతో కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేయండి. కార్డు బాకీ మీద వడ్డీ రోజురోజుకూ పెరుగుతుంది కాబట్టి ఈ వారమే వెళ్లండి. కార్డుకు కడుతున్న దానికి చీరల మీద వచ్చే దాంట్లోంచి తొమ్మిది వేలు కలిపి, ఫిబ్రవరి నుంచి నెలకు 15,000 ఈ లోన్‌కు కడితే, టీసీఎస్ కూడా ఇందులోనే వేస్తే, ఆగస్టుకు దాదాపు తీరిపోతుంది.

టీసీఎస్ 18,000 ఖర్చు కాదు సార్, మీ డబ్బే. చాలామంది దాన్ని ఫీజు అనుకుని వదిలేస్తారు. ఏజెంటును ఫారం 27డీ, అంటే టీసీఎస్ వసూలు చేసినట్టు సర్టిఫికెట్, అడగండి, మీ పాన్ మీద జమైన టాక్స్ చూపించే 26ఏఎస్‌లో పడిందో లేదో చూడండి. జీతంలో టీడీఎస్ కోస్తుంటే ఆ టీసీఎస్ వివరాలతో ఫారం 12బీఏఏ నింపి, ఫిబ్రవరి జీతం బిల్లు వేయకముందే మీ జీతాల బిల్లు వేసే అధికారికి (డీడీఓ) ఇవ్వండి, ఆ మేరకు కోత తగ్గుతుంది. టాక్స్ పడకపోతే రిటర్న్ వేస్తే రీఫండ్ వస్తుంది. ఒక మెలిక: ఏజెంటు మేడమ్ గారి పాన్ ఇచ్చి ఉంటే ఆమె పేరునే రిటర్న్ వేయాలి.

నగల లోన్‌కు ప్రస్తుతానికి నెలనెలా వడ్డీ మాత్రం కట్టండి. ఎఫ్‌డీ లోన్ తీరాక ఆ 15,000 ఇటు తిప్పుదాం. చీటీ కిస్తులు మాత్రం ఒక్కటీ ఆపొద్దు, పాడేసిన చీటీకి ఎగ్గొడితే ఊళ్లో మాట పోతుంది.

ఇంకో సంగతి. ప్రాగ్ పాత ఊరి వీధిలో 300 యూరోలు మార్చి 5,700 కొరునాలే (చెక్ కరెన్సీ) తెచ్చుకున్నామని రాశారు. యూరోకు 24 లెక్కన 7,200 దాకా రావాలి. ‘కమీషన్ లేదు’ అన్న బోర్డు అబద్ధం కాదు, రేటులోనే కోసేశారు. చెక్ దేశంలో 2019 నుంచి ఒక చట్టం ఉంది: వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రసీదుతో వెళ్లి రద్దు చేసుకోవచ్చు. మీకు ఎవరూ చెప్పలేదు. అలాగే హోటల్ మెషీన్ ‘రూపాయల్లో కట్టాలా’ అని అడిగితే సరేనన్నారు. ఎక్కడైనా ఆ ఊరి కరెన్సీనే నొక్కాలి, రూపాయలంటే వాళ్లు వేసిన రేటు వాళ్ల ఇష్టం.

మేడమ్ గారికి చూపించండి: ఉత్తరం చివర ఆమె చార్లెస్ బ్రిడ్జి మీద తెల్లవారుజామున జనం లేనప్పుడు గంటసేపు నిలబడటం బాగుందని మీరే రాశారు. దానికి టికెట్ లేదు. చీటీ 2027 ఫిబ్రవరికి తీరుతుందంటున్నారు, మార్చి నుంచి చీటీకి కట్టే ఆ 10,000 ఆర్‌డీలో వేయండి. అది లక్షన్నర దాటాక ఎక్కడికి, ఏ నెలలో, వారంలో ఏ రోజు అన్నది మీరిద్దరే కూర్చుని రాసుకోండి. ఏజెంటుకు 27డీ కోసం ఫోన్ చేసినప్పుడు ఆయన అడ్వాన్స్ మాట ఎత్తుతాడు. అప్పులు తీరాక చెప్తామనండి.