చమురు కనిపెట్టేదొకరు, పైకి తీసేదొకరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. మా ఊరి దగ్గర చమురు బావి తవ్వే రిగ్గు చూసినప్పటి నుంచీ ‘కొత్త చమురు నిక్షేపాలు కనిపెట్టే ఉద్యోగం చేస్తా’ అంటోంది. పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్చమంటారా? ఆడపిల్లకు ఆ పని కుదురుతుందా?
- ఒక తండ్రి, రాజోలు

జవాబు: కనిపెట్టడమే ఆమె కోరికైతే పెట్రోలియం ఇంజినీరింగ్ కాదండీ, జియాలజీ (భూగర్భ శాస్త్రం) లేదా జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) చదవాలి. ‘ఇక్కడ తవ్వండి’ అని చెప్పేది వాళ్లు. తవ్వి పైకి తీయడం పెట్రోలియం ఇంజినీరు పని. చాలామంది ఈ తేడా తెలియకుండానే సీటు తీసుకుంటారు.

రాజస్థాన్‌లోని బార్మేర్ సంగతే చూడండి. అక్కడ షెల్ సంస్థ ఆశ వదులుకుని పక్కకు తప్పుకుంది. కెయిర్న్ అనే మరో కంపెనీ మాత్రం తవ్వుతూనే పోయి, 2004 జనవరిలో మంగళ చమురు క్షేత్రాన్ని పట్టుకుంది. ఉత్పత్తి మొదలైంది 2009 ఆగస్టులో. పైగా ఆ చమురు మైనంలా గడ్డకడుతుంది, దారి పొడవునా వేడిచేసే పైపులైను వేయాల్సి వచ్చింది. ఈ రంగంలో ఓపికే సగం చదువు.

జియాలజిస్టుకు కొత్తలో పని ఎలా ఉంటుందంటే: బావిలోంచి బురదతోపాటు వచ్చే రాతి పలుకుల్ని జల్లెడ దగ్గర పట్టి, కడిగి, మైక్రోస్కోపు కింద చూడాలి. తర్వాత అతినీలలోహిత దీపం కింద పెడితే, చమురు తగిలిన పలుకు మెరుస్తుంది. పన్నెండు గంటల షిఫ్టు, అర్ధరాత్రయినా సరే. రిగ్గుల మీద ఆడవాళ్లు పనిచేస్తున్నారు. రిగ్గు వద్దనుకుంటే సైస్మిక్ డేటా (భూమిలోకి పంపిన ప్రకంపనల ప్రతిధ్వనుల సమాచారం) విశ్లేషణ ఉంది, అది ఆఫీసు పనే.

దారులు రెండు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఐటీల్లో అప్లైడ్ జియాలజీ. లేదంటే బీఎస్సీలో జియాలజీ తీసుకుని, జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లోనూ జియాలజీ విభాగాలున్నాయి.

ఒక్క హెచ్చరిక. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న చమురు పీపా ధర, 2016 మొదట్లో ముప్పైకి దిగువకు పడింది. ప్రపంచమంతటా ఉద్యోగాలు ఊడాయి. జియాలజీ చదివితే చమురొక్కటే దిక్కు కాదు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష, భూగర్భజలాలు, గనులు కూడా ఉన్నాయి. పెట్రోలియం ఇంజినీరుకు అన్ని తలుపులుండవు.

సెలవుల్లో విశాఖ దగ్గర ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్లండి. సెల్ఫీ దిగి కారెక్కుతుందో, ఈ మట్టి ఎందుకింత ఎర్రగా ఉందని మిమ్మల్ని విసిగిస్తుందో గమనించండి.