పక్షవాతం తర్వాత నిద్ర పట్టట్లేదు, మేగ్నెట్ ట్రీట్‌మెంట్ చేయించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నాన్నకి 61 ఏళ్లు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కానీ రాత్రి ఒంటిగంటకే లేచి కూర్చుంటారు, అమ్మకీ నిద్ర ఉండట్లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన నిద్రమాత్ర రెండు నెలలుగా వేస్తున్నాం. విశాఖలో తలకి అయస్కాంతం పెట్టి నిద్ర పట్టిస్తారట, తీసుకెళ్లమంటారా?

జవాబు: తీసుకెళ్లొచ్చు గానీ అది మొదటి పని కాదండీ. ముందు ఒకటి చెప్పండి, నాన్నగారు గుర్రు పెడతారా? గుర్రు పెట్టి పెట్టి మధ్యలో సడన్‌గా ఊపిరి ఆగినట్టయి, మళ్లీ ఉలిక్కిపడి పీల్చుకుంటారా? స్ట్రోక్ (పక్షవాతం) వచ్చినవాళ్లలో సగం మందికి పైగా ఈ స్లీప్ ఆప్నియా ఉంటుంది, ఇది ఉంటే ఎన్ని అయస్కాంతాలు పెట్టినా లాభం లేదు, పైగా నిద్రమాత్రల్లో కొన్ని దాన్ని ఇంకా పెంచుతాయి, ఆ మత్తులో బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి ఎముక విరిగి మళ్లీ మంచం ఎక్కాల్సొస్తుంది. అలాగని మాత్ర ఈ రాత్రికి రాత్రే మానెయ్యకండి, డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించాలి.

రెండోది, పగలంతా ఏం చేస్తున్నారు? అన్నం తిని అరుగు మీద పడక్కుర్చీలో మూడు గంటలు కునుకు, సాయంత్రం రెండు టీలు, పడుకునే ముందు చుట్ట... మనవైపు చాలా ఇళ్లల్లో ఇదే వరస, మరి రాత్రి నిద్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏడుస్తున్నారా, తిండి మీద ధ్యాస లేదా అనేది కూడా గమనించండి, స్ట్రోక్ తర్వాత ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, నిద్ర పట్టకపోవడం దాని గుర్తు కూడా.

ఇక మేగ్నెట్ సంగతి. దీన్ని ఆర్‌టీఎమ్మెస్ అంటారు. సంతల్లో అమ్మే అయస్కాంతం పరుపులకీ దీనికీ ఏం సంబంధం లేదు, ఆ పరుపులకి డబ్బు తగలెయ్యకండి. ఇందులో ఎనిమిది అంకె ఆకారంలో ఉండే కాయిల్‌ని తలకి ఆనించి కరెంటు వదిలితే, క్షణక్షణం మారే అయస్కాంత శక్తి పుర్రె దాటి, తల చర్మం నుంచి రెండు మూడు సెంటీమీటర్ల లోపలున్న నరాల్ని కదిలిస్తుంది. మొదటిరోజు చేతి బొటనవేలు చిన్నగా ఎగిరేదాకా పెంచి చూసి డోసు కడతారు. నిద్రకైతే ఎక్కువగా కుడివైపు నుదుటి పైభాగంలో, సెకనుకి ఒక్క దెబ్బ, అచ్చం గోడ గడియారంలాగా టిక్కు టిక్కుమని ఇరవై ముప్ఫై నిమిషాలు. మత్తు ఇవ్వరు, షాక్ కాదు. వారానికి అయిదు రోజుల చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వెళ్లాలి, అంటే నరసన్నపేట నుంచి రోజూ తిరగడం అయ్యే పని కాదు, అక్కడే రూము తీసుకోవాలి.

అమెరికాలో 2008లో డిప్రెషన్‌కి దీన్ని ఆమోదించారు. స్ట్రోక్ తర్వాత నిద్రకి మాత్రం చిన్న చిన్న స్టడీల్లో మేలు కనిపించింది అంతే, గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. స్ట్రోక్ తర్వాత ఫిట్స్ వచ్చుంటే, తలలో లోహపు క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్, గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పెయ్యాలి. తలనొప్పి కాస్త రావచ్చు, ఫిట్స్ చాలా అరుదు.

రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర దేనికోసమూ ఆపొద్దు.

ఈ వారం ఒక పని చెయ్యండి, అమ్మగారిని వేరే గదిలో పడుకోమని మీరు నాన్నగారి పక్కన పడుకోండి, ఆయన గుర్రు రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి శ్రీకాకుళంలో డాక్టర్‌కి చూపించండి, డాక్టర్ స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే పరీక్ష) రాస్తే అప్పుడు విశాఖ వెళ్దురు గాని.