కన్యాశుల్కం స్టేజీ మీద నవ్విస్తుంది, టీవీలో ఎందుకు చప్పబడుతుంది?

రవీంద్ర భారతిలో పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన గురజాడ నాటకం టీవీలో ఆవలింతలు తెప్పించిందని, నటులు బాగోలేదా అని, ఈసారి తామే రికార్డు చేస్తామని ఒకరు రాశారు. చాలావరకు నటుల తప్పు కాదు. కెమెరా ఎక్కడ పెట్టారో, ఎడిటింగులో ఎక్కడ కోశారో చూడండి.

మొదటి అంకంలో, వేశ్య మధురవాణి ఇంట్లో జరిగే మంచం సీనే తీసుకోండి. తనని మోసం చేసిన గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చిపడితే అతను మంచం కిందకి దూరతాడు. గిరీశం కంట పడకుండా రామప్పంతులు అక్కడ అప్పటికే నక్కి ఉన్నాడు. పైన మధురవాణి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. హాల్లో వాళ్లకి ఈ నలుగురూ ఒక్కసారే కనిపిస్తారు, నవ్వంతా అందులోనే ఉంది. టీవీలో గిరీశం ముఖం, ఆ తర్వాత చీపురు, ఆ తర్వాత పంతులు ముఖం అంటూ ముక్కలు చేస్తే ఎవరి నుంచి ఎవరు దాక్కున్నారో తెలిసేలోపు సీను అయిపోతుంది. మంచం ఎత్తు 2 అడుగులకి తగ్గకూడదు, దుప్పటి అంచు కిందకి వేలాడకూడదు. కెమెరాని మోకాలెత్తున పెట్టి, చీపురు దెబ్బ పడేదాకా కట్ చెయ్యకూడదు. క్లోజప్ కావాలంటే ఆ తర్వాత ఒక్కటి.

స్టేజీ నటుడు హాల్లో నవ్వు సద్దుమణిగేదాకా 2, 3 సెకన్లు ఆగుతాడు. స్టూడియోలో నవ్వేవాళ్లు లేరు కనక అదే ఆగడం డైలాగు మర్చిపోయినట్టుంటుంది. పూర్తిగా కోసేస్తే మాట మీద మాట పడి చమత్కారం జారిపోతుంది. ఆ ఖాళీలో వినేవాడిని చూపించాలి: నోరు తెరుచుకున్న వెంకటేశం, అదే గిరీశం శిష్యుడు, చాలు. అక్కడ 'టొంయ్' అని శబ్దం వేశారో, చచ్చిందే.

ఇంగ్లీషు ఇంకో చిక్కు. 1892లో తొలిసారి ఆడిననాటికి గిరీశం విసిరే ఇంగ్లీషు ముక్క ఎదుటివాడి నోరు మూయించే ఆయుధం. ఇప్పటి నటుడు దాన్ని కాల్ సెంటర్ వాడిలా గడగడా అనేస్తే డాబు మాయమైపోతుంది. ఆ ముక్క ముందు చిన్న విరుపు ఉండాలి. విజయనగరం యాసని సీరియల్ భాషగా మార్చడం మాత్రం నా దృష్టిలో క్షమించరానిది.

గురజాడ తిరగరాసిన 1909 నాటి ప్రతిలో 7 అంకాలున్నాయి, కుదించక తప్పదు. కుదించేటప్పుడు సీనుకి సీను తీసెయ్యండి, ఉంచిన సీన్లో మాటలు గిల్లకండి.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో మీరే రికార్డు చేస్తామన్నారు కదా, 2 కెమెరాలు చాలు. ఒకటి స్టేజీ మొత్తం పట్టేలా, చివరిదాకా కదల్చకుండా, రెండోది ముఖాలకి. ప్రేక్షకుల వైపు తిప్పిన మైకు ఒకటి విడి ట్రాకులో ఉంచుకోండి.