నాన్నగారి ఫియట్ బాగుచేసుకుంటున్నా.. అక్కకు వాటా ఇవ్వాలా? ఇంజన్ మార్చొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. రిటైరయ్యాక ఇక్కడే ఉంటున్నాను. మా నాన్నగారు 1978లో కొత్తగా కొన్న ప్రీమియర్ పద్మిని పెట్రోలు కారు (మేం ఫియట్ అనే అంటాం) చాలా ఏళ్లుగా కొట్టంలో పడి ఉంది. రిజిస్ట్రేషన్ గడువు 2008లో ముగిసింది. నాన్నగారు 2011లో పోయారు. సీ-బుక్కు కనబడటం లేదు, జిరాక్సు ఉంది. కారుకు పూర్వరూపం తెచ్చి, అమ్మను అప్పుడప్పుడూ గుడికి తీసుకెళ్లాలని ఇంటి దగ్గరే పని మొదలుపెట్టాను. ఇప్పటికే లక్షకు పైగా ఖర్చయింది. ఇప్పుడు మా అక్క "నాన్న కారులో నాకూ వాటా ఉంది" అంటోంది. ఆమెకు 1984లోనే పెళ్లయింది. తమ్ముడికి అభ్యంతరం లేదు. మెకానిక్ ఏమో పాత ఇంజన్ పనికిరాదు, మారుతి 800 ఇంజన్ పెడదాం అంటున్నాడు. పదిహేనేళ్లు దాటిన కార్లను ప్రభుత్వం తుక్కు చేసేస్తుందని మా బావమరిది భయపెడుతున్నాడు. పక్కింటివాళ్లు చప్పుడు, పెయింటు వాసన అని పోలీసులకు చెబుతామంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు మీ బావమరిదిగారి భయం తీర్చేద్దాం. సొంత వాడకానికి ఉన్న కారు పదిహేనేళ్లు దాటితే చాలు తుక్కు చేసెయ్యాలని మన రాష్ట్రంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. రెండు సంగతులు కలగలిసి ఈ పుకారు పుట్టింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఉత్తర్వులు ఉన్నాయి. అవి అక్కడివరకే. రెండోది, 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేశారు. అది సర్కారు జీపులకు, ఆర్టీసీ బస్సులకు వర్తించే మాట, మీ నాన్నగారి ఫియట్‌కు కాదు. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి కండిషన్‌లో ఉందని బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటే ఐదేసి సంవత్సరాల చొప్పున పొడిగిస్తూ పోవచ్చు.

ఇక అసలు చిక్కు. మీ ఉత్తరంలో మీరు ఇంజన్ గురించి ఎక్కువ దిగులుపడ్డారు గానీ, నాకు కనబడుతున్న గండం మీ అక్కగారి మాటలోనే ఉంది. ఆమె చెప్పింది నిజం. కారు మీ నాన్నగారు తన సొంత డబ్బుతో కొన్న చరాస్తి. వీలునామా లేకుండా పోయిన హిందువు ఆస్తి 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం మొదటి తరగతి వారసులకు సమానంగా వెళుతుంది. అంటే మీ అమ్మగారు, అక్కగారు, మీరు, మీ తమ్ముడు తలా నాలుగో వంతు. 2011 నాటికి మీ నాయనమ్మగారు బతికి ఉంటే ఆవిడకూ ఒక వాటా వచ్చేది, అప్పుడు లెక్క ఐదో వంతు అవుతుంది.

అక్కకు 1984లో పెళ్లయిందని మీరు ప్రత్యేకంగా రాయడం చూస్తే, ఎవరో మీకు 1985 నాటి సవరణ గురించి చెప్పినట్టున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. అది పిత్రార్జితం సంగతి. తండ్రి స్వార్జితంలో కూతురికి, పెళ్లయినా కాకపోయినా, 1956 నుంచే కొడుకుతో సమానంగా వాటా ఉంది. పెళ్లి తేదీ చూపించి ఆడపిల్లను పక్కన పెట్టేసే వాదన కోర్టులో నిలవదు. అయినా మన జిల్లాల్లో ఈ వాదన ఇంకా రచ్చబండ దగ్గర గెలుస్తూనే ఉంది.

మీరు పెట్టిన లక్ష రూపాయల మాటేమిటి? ఉమ్మడి ఆస్తి మీద ఒక వాటాదారు తనంతట తాను ఖర్చు పెడితే ఆస్తి అతనిదైపోదు. పంపకాల్లో ఆ ఖర్చు లెక్కలోకి తీసుకోమని అడగొచ్చు, అంతే. అదీ బిల్లులుంటేనే. కాబట్టి పని ఇవాళే ఆపండి. నేను వద్దంటున్నది కారును కాదు, కాగితం లేకుండా పెట్టే తర్వాతి రూపాయిని. అమ్మగారు, అక్కగారు, తమ్ముడు ముగ్గురూ తమ వాటా మీకు వదులుకుంటున్నట్టు రాసి, సాక్షులతో నోటరీ చేయించుకోండి. ఇల్లు, పొలం లాంటి స్థిరాస్తి కాదు గనక ఈ హక్కు విడుదల పత్రాన్ని సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయించాల్సిన నిర్బంధం లేదు. అక్కగారు ఊరికే వదులుకోనంటే, కారు మీరు పని మొదలుపెట్టకముందు ఉన్న స్థితిలో ఎంత చేస్తుందో పెద్దల సమక్షంలో లెక్క కట్టి, ఆమె వాటా సొమ్ము చెక్కు ద్వారా ఇచ్చి, ఆ సంగతి పత్రంలో రాయించండి. కొట్టంలో పడి ఉన్న పద్మిని ధరలో నాలుగో వంతు పెద్ద మొత్తమేమీ కాదు. మెరుగులన్నీ దిద్దాక అయితే అదే వాటా ధర ఎంతో మీకే తెలుసు.

ఆ పత్రం చేతికొచ్చాక ఆర్టీవో ఆఫీసు పని. అది ఒక వరసలో జరగాలి. సీ-బుక్కు పోయినట్టు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకుని, ఫారం 26తో డూప్లికేటుకు పెట్టుకోండి. 1978 నాటి రికార్డు కంప్యూటర్‌లో ఉండే అవకాశం తక్కువ. పాత రిజిస్టరు వెతికించి, వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కించమని అడగాలి. దీన్నే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. మీ దగ్గరున్న జిరాక్సు ఇక్కడే బంగారంలా పనికొస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ ఎప్పుడైనా రద్దయిందేమో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి. తర్వాత మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఎన్‌వోసీలు జతచేసి, కారును మీ పేరుకు మార్చమని ఫారం 31 దాఖలు చెయ్యాలి. యజమాని పోయిన మూడు నెలల్లోగా చెయ్యాల్సిన పని ఇది. మీరు ఏళ్ల తరబడి ఆగారు గనక ఆలస్యానికి అఫిడవిట్ ఇచ్చి, వాళ్లు వేసే రుసుము కట్టాల్సి ఉంటుంది. ఆలస్యమైనంత మాత్రాన మీ హక్కు పోదు.

చివరది రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, ఫారం 25. జేబుకు చిల్లు పడేది ఇక్కడే. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. గడువు దాటిన ప్రతి నెలకూ కార్లకు 500 రూపాయల అదనపు రుసుము కూడా నిబంధనల్లో ఉంది. 2008 నుంచి లెక్క వేస్తే ఎంతవుతుందో ఊహించుకోవద్దు. ఆఫీసులో లెక్క కట్టించి, కాగితం మీద తీసుకోండి. గ్రీన్ ట్యాక్సు, పాత పన్ను బకాయిలు ఏమైనా ఉంటే అవీ అందులో రాయించండి. ఏజెంటు నోటిమాటగా చెప్పిన అంకెను నమ్మి డబ్బు ఇవ్వకండి. ఆ అంకె చూశాకే పని కొనసాగించాలో వద్దో తేల్చుకోవడం తెలివైన పని.

మారుతి 800 ఇంజన్ సంగతి: వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట నిర్దేశించిన వివరాలకూ సీ-బుక్కులో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. పద్మినిది 1089 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్. మారుతి 800ది 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇది రిపేరు కిందకు రాదు, బండి స్వరూపం మార్చడమే అవుతుంది. అనుమతి లేని ఇలాంటి మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. జరిమానా కన్నా పెద్ద బాధ ఏమిటంటే, రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ లాయరు మొదట అడిగేది ఇంజన్ నంబరే.

అదే కంపెనీ, అదే రకం ఇంజన్ ఇంకొకటి దొరికితే దారి ఉంది. ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకుని మార్చుకుని, పద్నాలుగు రోజుల్లోగా కొత్త నంబరు సీ-బుక్కులో ఎక్కించాలి. ఆ ఇంజన్ ఏ బండిదో, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో, అమ్మినవాడి బిల్లు ఏదో మీ దగ్గర ఉండాలి. పాత సామాన్ల దుకాణంలో బిల్లు లేకుండా కొన్న ఇంజన్ దొంగబండిదని తేలితే పోలీసులు ముందు వచ్చేది మీ ఇంటికే. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. నన్నడిగితే ఉన్న ఇంజన్‌నే విప్పి, బోర్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించండి. ఇదంతా మరమ్మతే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తుప్పు పట్టిన ఫ్లోరు రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడం, టింకరింగ్, సీట్లు కుట్టించడం కూడా అంతే. రంగు మాత్రం పాతదే వేయించండి. వేరే రంగు వేస్తే సీ-బుక్కులో రాయించుకోవాలి. ఒక హెచ్చరిక: తుప్పు దులిపే ఉత్సాహంలో చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టనివ్వకండి. ఆ అంకెలు అరిగిపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు పెన్సిల్ ప్రింట్ (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) ఇవ్వలేరు, మీ కారు మీదేనని రుజువు చేసుకోవడమే కష్టమవుతుంది. ఇవాళే ఆ నంబరును, ఇంజన్ నంబరును తేదీ పడేలా ఫొటో తీసి పెట్టుకోండి.

పాత ఇంజన్ ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన సొంత కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కారు అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. మీ కారుకు ఆ అర్హత 2028లో వస్తుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే వింటేజ్ బండిని మామూలు రాకపోకలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. అమ్మగారితో గుడికి వెళ్లడం ఆ జాబితాలో లేదు. గుడే ముఖ్యమైతే మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణే మీ దారి.

పక్కింటివాళ్ల విషయంలో తప్పు పూర్తిగా వాళ్లదేమీ కాదు. సొంత కారు సొంత ఇంట్లో బాగుచేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. కానీ శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా 45 పరిమితి. గ్రైండరు, సుత్తి పని పగలు కొన్ని గంటలకే పరిమితం చెయ్యండి, ఆ వేళలు వాళ్లకు ముందే చెప్పండి. స్ప్రే పెయింటు మాత్రం ఇంట్లో వద్దు. థిన్నర్ ఆవిరి వాళ్లకే కాదు, మీ అమ్మగారికీ మంచిది కాదు. బాడీ సిద్ధమయ్యాక పెయింటింగ్ షెడ్డుకు పంపండి. వాళ్లు పట్టుబడితే సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు అడగొచ్చు. వీధంతటికీ ఇబ్బందైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరికీ వెళ్లొచ్చు. తీసేసిన ఇంజన్ ఆయిల్ కాలవలో పొయ్యకండి, అది ప్రమాదకర వ్యర్థం. పాత ఆయిల్ సేకరించే పెద్ద షెడ్డుకు ఇచ్చెయ్యండి. ఇంట్లో పెట్రోలు ముప్పై లీటర్లు మించి ఉంచితే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు కావాలి. మీకు ఐదు లీటర్లు కూడా అక్కర్లేదనుకుంటాను. ఊళ్లో ఇంకొకరి కారు కూడా డబ్బు తీసుకుని బాగుచెయ్యడం మొదలుపెడితే కథ మారుతుంది. అప్పుడు ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ కరెంటు మీటరు అన్నీ వస్తాయి.

ఇంజన్ స్టార్టయిన రోజున ఊరి బయటిదాకా ఒక రౌండు వేసి రావాలనిపిస్తుంది. వెయ్యకండి. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కితే మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా. బీమా లేకపోతే 2,000 జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ రౌండులో ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ చేతి నుంచి కట్టాలి. ఇంటి ఆవరణలోనే నడిపి చూసుకోండి. తనిఖీకి ఆర్టీవో ఆఫీసుకు రికవరీ వ్యాను మీద తీసుకెళ్లండి. అంతకుముందే కార్బొరేటర్ ట్యూనింగ్ సరిగ్గా చేయించండి. భారత్ స్టేజ్ ప్రమాణాలు రాకముందు తయారైన మీ కారుకు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం మించకూడదు. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టానికి కూడా బీమా కావాలంటే, ఇంత పాత మోడలుకు విలువ పట్టికలో ఉండదు గనక మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. అప్పుడు మీ మరమ్మతు బిల్లులు, ఫొటోలు పనికొస్తాయి.

మీ నాన్నగారు వీలునామా ఏదైనా రాశారో లేదో మీ ఉత్తరంలో లేదు. రాసి ఉంటే పైన చెప్పిన వాటాల లెక్క మొత్తం మారిపోతుంది. పాత పెట్టెలు వెతికి, దొరికితే నకలు పంపండి. అప్పటిదాకా అక్కగారితో ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి.