విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరదకు కేంద్రం ఇచ్చిన విపత్తు నిధి ఇళ్లు, రోడ్లు పూర్తిగా బాగు చేసుకోవడానికి సరిపోతుందా?

సరిపోదు, ఎందుకంటే అది నష్టపరిహారం కాదు, తక్షణ సాయం మాత్రమే.

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో మన రాష్ట్రానికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. అది చాలనంత పెద్ద విపత్తు వస్తేనే జాతీయ నిధి తోడవుతుంది. ఈ డబ్బు వాడాల్సింది భోజనం, మంచినీళ్లు, పునరావాస కేంద్రాలు, అత్యవసర మరమ్మతుల వంటి వాటికి. మొత్తాలకు పరిమితి ఉంది: 2024 వరద నాటి నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే 1.20 లక్షలు. ఈ రోజుల్లో ఆ డబ్బుతో పునాది దాటడమే కష్టం.

2024 సెప్టెంబరులో ఆ వరదకు విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు, కింది అంతస్తులో నీళ్లు చేరిన ఇంటికి రాష్ట్రం 25 వేలు, పై అంతస్తులవారికి 10 వేలు ప్రకటించింది. పాడైన ఫ్రిజ్, మంచం, పిల్లల పుస్తకాలు, అన్నీ ఆ 25 వేలలోనే సర్దుకోవాలి. నీట మునిగిన ద్విచక్ర వాహనానికి వేరుగా ప్రకటించింది 3 వేలే. బండికి బీమా ఉన్నవాళ్లు మాత్రం కొంత తేరుకోగలిగారు.

నగరాన్ని మళ్లీ గట్టిగా కట్టడానికి డబ్బు వేరే దారిలో రావాలి. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి వెళ్లింది ఆ ప్రాజెక్టు కిందే.

చాలామంది పొరపడేది ఇక్కడే: ‘కేంద్రం వెయ్యి కోట్లు విడుదల చేసింది’ అని వార్త రాగానే అదంతా కొత్త సాయం అనుకుంటారు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 1,036 కోట్లు ప్రధానంగా రాష్ట్ర విపత్తు నిధికి ఏటా రావాల్సిన కేంద్ర వాటాయే.