ఆన్‌లైన్ వాలెట్‌లో ఉన్న క్రిప్టోని దొంగలు కొట్టేయకుండా ఏం చేయాలి? హార్డ్‌వేర్ వాలెట్ కొనాల్సిందేనా?

హార్డ్‌వేర్ వాలెట్ అంటే వాలెట్ తాళంచెవిని ఫోన్‌కి బయట దాచే చిన్న పరికరం. అది కొనడం సంగతి తర్వాత, ముందు మీ ఫోన్ గ్యాలరీ తెరవండి. వాలెట్ పెట్టుకున్న రోజు అది చూపించిన 12 ఇంగ్లీషు పదాల (అవే దాని తాళంచెవి, అవి తెలిసినవాడు ఎక్కడనుంచైనా వాలెట్ తెరవగలడు) స్క్రీన్‌షాట్ అందులో ఉందా? ఉంటే మీ ప్రశ్నకు జవాబు అదే. మిగతాది తీరిక ఉంటే చదవండి, కాస్త పెద్దదే.

నాది తూర్పు గోదావరిలో ఒక చిన్న టౌన్‌లో మొబైల్ సర్వీసింగ్ షాపు. డిస్‌ప్లే పోయిందనో చార్జింగ్ ఎక్కట్లేదనో ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెడతారు. టచ్ చెక్ చేయాలి, ప్యాటర్న్ చెప్పండి అంటే చెప్పేస్తారు. నేను దాన్ని చిన్న స్టిక్కర్ మీద గీసి ఫోన్ వెనక అంటిస్తాను. సాయంత్రానికి నా ట్రేలో పది పన్నెండు ఫోన్లుంటాయి, ఒక్కోదాని వీపు మీద దాని తాళంచెవి. కెమెరా పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒక ఫొటో తీసి గ్యాలరీ తెరిస్తే వద్దన్నా కళ్లబడతాయి: ఆధార్, పాన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ, ఏటీఎం కార్డు రెండువైపులా, ఇంట్లోవాళ్ల యూపీఐ పిన్ రాసిపెట్టుకున్న కాగితం, ఈ మధ్య కుర్రాళ్ల ఫోన్లలో అయితే ఆ 12 పదాలు కూడా. రోజూ ఇంత చూసేవాడు తన సొమ్ము జాగ్రత్తగా పెట్టుకుంటాడని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

2021 మే 19. కరోనా రెండో వేవ్, మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, షాపు పొద్దున తెరిచి పన్నెండుకల్లా కట్టేయడమే. మిగతా రోజంతా ఇంట్లో కూర్చుని ఫోన్ చూడ్డం తప్ప పనిలేదు, అసలు ఈ పాడు అలవాటు ముదిరింది అప్పుడే. బెంగుళూరులో ఉండే మా పిన్ని కొడుకు ఎక్కించిన పిచ్చితో ఆర్నెల్లుగా ఈథర్ అనే క్రిప్టో కాయిన్ కొంటున్నాను. 0.7 ఈథర్ నా సొంత వాలెట్‌లో ఉంది, అదికాక టోకెన్లనే వేరే కాయిన్లు కొన్ని వడ్డీ వస్తుందంటే ఒకచోట లాక్ చేసి పెట్టాను. వారం కిందట ఒక్కో ఈథర్ మూడు లక్షలు పలికింది. ఆ సాయంత్రం ఆరింటికి మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ చూస్తున్నాను, టీ అయిపోయేలోపు యాభై వేలు దిగింది. ఇంకా దిగుతోంది.

క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజికి పంపి అమ్మేద్దామని కూర్చున్నాను. ప్రపంచమంతా అదే పనిలో ఉంది కాబట్టి పంపినందుకు నెట్‌వర్క్ తీసుకునే గ్యాస్ ఫీజు చెట్టెక్కి కూర్చుంది, మామూలుగా పంపాలంటే మూడు వేల పైన అడుగుతోంది. లక్ష పోతుంటే మూడు వేల దగ్గర పీనాసితనం ఏంటని ఇప్పుడు మీరు అడగొచ్చు, అప్పుడు అడిగేవాళ్లు లేరు. ఫీజు తగ్గించి వేశాను. పెండింగ్ అని పడింది. పావుగంట, అరగంట, అదే పెండింగ్. ధర మాత్రం ఆగట్లేదు.

అప్పుడు ఒక చాట్ గ్రూపులో మొర పెట్టుకున్నాను, 'నా ట్రాన్సాక్షన్ ఇరుక్కుపోయింది, ఎవరైనా సాయం చేయండి' అని. నిమిషంలో విడిగా మెసేజ్ వచ్చింది. గ్రూపు అడ్మిన్ పేరు, అడ్మిన్ ఫొటో. 'కంగారు పడకండి సర్, ఇవాళ చాలామందికి వస్తోంది, మీ వాలెట్ నెట్‌వర్క్‌తో సింక్ తప్పింది' అని ఒక లింకు పంపాడు. తెరిస్తే నా వాలెట్ రంగు, నా వాలెట్ బొమ్మ, కింద పన్నెండు గళ్లు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నేను స్క్రీన్‌షాట్ బాపతు కాదు. పదాలను జాబ్ షీట్ వెనక బాల్‌పెన్‌తో రాసి, మడిచి, బీరువాలో మా ఆవిడ పెళ్లిచీర కింద పెట్టాను. ఆ రాత్రి లేచి వెళ్లి, చీర పక్కకి జరిపి, ఆ కాగితం తెచ్చుకుని నా చేత్తో నేనే టైప్ చేశాను. ఏడో పదం దగ్గర ఒక అక్షరం తప్పు కొట్టాను. గడి ఎర్రగా మారింది. ఓహో తప్పు పడిందే అని సరిచేశాను, ఆకుపచ్చగా మారింది. ఆ పదాలన్నీ 2048 పదాల ఒకే జాబితాలోంచి వస్తాయి, ఆ జాబితా అందరి దగ్గరా ఉంటుంది, కాబట్టి దొంగ ఫారానికి కూడా తప్పేదో ఒప్పేదో తెలుస్తుంది. నన్ను దోచుకుంటూ నాకు స్పెల్లింగ్ దిద్దాడండీ వాడు. ఇన్నేళ్లయినా డబ్బు కంటే ఆ ఎర్రగడే ఎక్కువ గుర్తొస్తుంది.

ఇరవై సెకన్లు తిరిగింది. పెండింగ్ పోయింది, హమ్మయ్య అనుకున్నాను. బ్యాలెన్స్ సున్నా. నా పాత ట్రాన్సాక్షన్ మీదే ఎక్కువ గ్యాస్ వేసి, దాన్ని రద్దు చేసి, అదే వరసలో తన వాలెట్ అడ్రస్‌కి పంపుకున్నాడు. నేను పీనాసితనం చేసిన ఆ ఫీజు వాడు దర్జాగా కట్టాడు, నా డబ్బుతోనే.

అక్కడితో అయిపోలేదు. లాక్ చేసిన టోకెన్లు ఇంకా అక్కడే ఉన్నాయి, మరో అయిదు రోజులకి విడుదలవుతాయి. వాటిని బయటకి తీయాలంటే అదే వాలెట్‌లో గ్యాస్‌కి కొంచెం ఈథర్ ఉండాలి. ఆ రోజు అలారం పెట్టుకుని మరీ ఎక్స్ఛేంజి నుంచి 0.02 ఈథర్ పంపాను. వచ్చినట్టు చూపించింది, నేను వేలు కిందికి జరిపేలోపు పోయింది. వాడు అక్కడ బాట్‌ని, అంటే దానంతటదే పనిచేసే ప్రోగ్రాంని, కాపలా పెట్టాడు, లోపల చుక్క పడితే తాగేస్తుంది. ఇంకోసారి పంపాను, ఈసారి ఇంకా వేగంగా నొక్కుదామని. మళ్లీ అంతే. మూడోసారి పంపబోతుంటే పిన్ని కొడుకు ఫోన్లో అరిచాడు, 'అన్నయ్యా, చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నావు, ఆపు' అని. ఆపాను. ఆ టోకెన్లు కూడా వాడే తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున కర్ఫ్యూ సడలింపులో స్టేషన్‌కి వెళ్లాను. ఏ బ్యాంకు అన్నారు. బ్యాంకు కాదండీ అన్నాను. మరి ఏ యాప్‌లో పంపావు? పంపలేదండీ, తీసుకున్నాడు. దొంగ అడ్రస్ ఉందండీ అని 42 అక్షరాలూ కాగితం మీద రాసి ఇచ్చాను. రైటర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, 'ఊరు లేదు, పిన్‌కోడ్ లేదు, ఇదేం అడ్రస్ అయ్యా' అన్నారు. ఆయన్ని అనడానికేం లేదు, మా ఆవిడ కూడా అదే అడిగింది. ఇప్పుడైతే 1930 నంబరు ఉంది, బ్యాంకులోంచో యూపీఐలోంచో డబ్బు పోతే వెంటనే ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఆపగలుగుతున్నారు. క్రిప్టో సొంత వాలెట్లోంచి పోతే ఆపడానికి మధ్యలో ఎవరూ ఉండరు. దొంగ దాన్ని ఏదైనా ఎక్స్ఛేంజికి తెస్తే, వాళ్లు సహకరిస్తే, అప్పుడు ఏదో ఆశ. అయినా ఫిర్యాదు మాత్రం ఇవ్వండి.

సర్కారువారి సంగతి కూడా ఒక ముక్క. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మితే 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో నష్టపోయింది ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకుంటామంటే ఒప్పుకోరు. లాభంలో పొత్తు, నష్టంలో నువ్వెవరో నేనెవరో. ఇది మీరడగలేదు, తెలుసు.

సరే, మీ ప్రశ్న. 'ఆన్‌లైన్ వాలెట్' అని మీరంటున్నది ఎక్స్ఛేంజి ఖాతా అయితే అది మీ వాలెట్ కాదు, వాళ్ల దగ్గర మీ పద్దు. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజిలో దాదాపు రెండు వేల కోట్ల రూపాయల సొమ్ము పోయింది, అది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని తర్వాత అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి చెప్పాయి. అక్కడ ఖాతా ఉన్నవాళ్లు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, అయినా ఏడాదికి పైగా తమ క్రిప్టోని బయటకి తీసుకోలేకపోయారు. అందుకని అమ్మడానికీ కొనడానికీ కావలసినంతే అక్కడ ఉంచండి. ఉంచినంతకాలం లాగిన్‌కి ఎస్ఎంఎస్ ఓటీపీ వద్దు, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. మీ సిమ్ పోయిందని చెప్పి ఇంకొకడు డూప్లికేట్ తీసుకుని మీ ఓటీపీలు అందుకోవడం ఎంత తేలికో నా షాపు పక్కనే సిమ్‌లు అమ్మే కుర్రాణ్ణి అడిగితే చెబుతాడు. డబ్బు ఫలానా అడ్రస్‌లకే వెళ్లేలా కట్టేసే సెట్టింగు ఉంటుంది, అది ఆన్ చేయండి.

సొంత వాలెట్ అయితే నా అభిప్రాయం ఒకటే, దీనిమీద ఎవరు వాదించినా వినను. తాళం పగలగొట్టి దొంగిలించేవాడు మనలాంటివాళ్ల దగ్గరికి రాడు. మనమే తాళంచెవి ఇస్తాం, నేను పెళ్లిచీర కిందనుంచి తీసి ఇచ్చినట్టు. కొత్త డివైస్‌లో వాలెట్ తిరిగి తెరిచే రోజు తప్ప ఆ పదాలు ఎక్కడా టైప్ చేసే పని ఉండదు. సపోర్టు, అడ్మిన్, సింక్, ఎయిర్‌డ్రాప్ (ఊరికే కాయిన్లు ఇస్తామనడం), కేవైసీ, ఎవడు ఏ పేరుతో అడిగినా వాడు దొంగే. ధర పడిపోతోందని టెన్షన్‌లో ఉన్నప్పుడు అసలు వాలెట్ ముట్టుకోవద్దు, వాళ్లు కాచుకుని కూర్చునేది ఆ గంట కోసమే. స్క్రీన్‌షాట్ సంగతికొస్తే, గ్యాలరీ పర్మిషన్ తీసుకుని ఫొటోల్లో ఇలాంటి పదాలున్నాయేమో చదివే యాప్‌లను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు బయటపెట్టారు. అవి ప్లే స్టోర్లోనూ దొరికాయి, ఆపిల్ స్టోర్లోనూ దొరికాయి. నా ఫోన్ ఖరీదైంది, నాకేం కాదు అని ఒక కస్టమర్ నాతో వాదించాడు. ఏమనాలి?

హార్డ్‌వేర్ వాలెట్ మంచిదే, నా దగ్గర ఉంది. కంపెనీ దగ్గరే కొనండి, సెకండ్‌హ్యాండ్‌ది ఊరికే ఇచ్చినా వద్దు. డబ్బాలో పదాలు ముందే రాసిన కార్డు కనబడితే ఆ డబ్బా వాడొద్దు, ఆ పదాలు ఇంకొకడికి తెలుసు. పంపే ముందు అడ్రస్‌ని ఫోన్ తెర మీద కాదు, ఆ డివైస్ తెర మీద చదవండి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకోవద్దు, అవి కలిసేలా అడ్రస్‌లు తయారుచేసి మన హిస్టరీలో పడేసేవాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజిలో 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు కూడా బదిలీకి ఓకే చెప్పినవాళ్లకి తెర మీద మామూలు బదిలీలాగే కనబడింది. అంత పెద్దవాళ్ల కళ్లే మోసపోయాయి. నేను ఇప్పటికీ ముందు వంద రూపాయల పాటి పంపి చూసి, చేరాకే మిగతాది పంపుతాను. ఫీజు రెండుసార్లు పోతుంది, పోనీ.

కాగితం తడుస్తుంది, చెద పడుతుంది. మా వైపు స్టీలు సామాన్ల షాపుల్లో గిన్నెల మీద పేర్లు చెక్కే మిషన్ ఉంటుంది కదా, తెలిసినాయన దగ్గర అది ఒక పూట తెచ్చుకుని చిన్న స్టీలు ప్లేటు అడుగున నేనే చెక్కాను, ఆయన చేత చెక్కించలేదు. ప్రతి పదానికీ మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఆ జాబితాలో ఏ రెండు పదాలకీ మొదటి నాలుగూ ఒకటిగా ఉండవు. ప్లేటు తీసుకెళ్లి ఊళ్లో అమ్మ ట్రంకుపెట్టెలో పెట్టాను. సంక్రాంతికి వెళ్లేసరికి అది పాలగిన్నె మీద మూతగా ఉంది. 'బాగా సరిపోయిందిరా' అంది అమ్మ. ఇంట్లో ప్రతి గిన్నె మీదా ఏదో ఒకటి చెక్కి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు మీకు చెప్పేశాను కాబట్టి అది అక్కడ లేదు, వెతకొద్దు.

ఇంకో మాట, ఈ జవాబు కింద 'నా డబ్బు కూడా పోయింది, ఫలానా రికవరీ నిపుణుడు తిరిగి తెచ్చిచ్చాడు' అని ఎవరో ఒకరు రాస్తారు. నాకూ అలాంటివాళ్లు ఏడుగురు మెసేజ్ పెట్టారు. వాళ్లకి ముందు ఫీజు కావాలి, లేదా ఆ 12 పదాలు కావాలి.

పోయిన వారం ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు పగిలిన డిస్‌ప్లే తెచ్చాడు. కొత్తది వేసి కెమెరా చూద్దామని గ్యాలరీ తెరిస్తే పైనే ఉంది స్క్రీన్‌షాట్. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పైన రాసినదంతా చెప్పాను, ఎర్రగడి సంగతితో సహా. ఇప్పుడు ఇది నేను కూడా చూశాను కాబట్టి ఆ వాలెట్ ఇక పనికిరాదు, కొత్తది తెరిచి అందులోకి మార్చుకో, పదాలు కాగితం మీద రాసుకో అన్నాను. శ్రద్ధగానే విన్నాడు. డిస్‌ప్లేకి రెండు వేల రెండొందలు కట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, 'అన్నా, టెంపర్ గ్లాస్ ఫ్రీగా వేస్తావా?' అన్నాడు.