మామగారికి యాభై ఏళ్లుగా మొటిమలు... పాపకు అంటుకుంటాయా?

ప్రశ్న: మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మావారు అమెరికన్. మా మామగారు 1968-69లో వియత్నాంలో సైనికుడిగా పనిచేశారు. అక్కడ ఉండగానే చెవుల వెనక, బుగ్గల మీద నల్లటి మొటిమలు, గడ్డలు మొదలయ్యాయట. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఏజెంట్ ఆరెంజ్ వల్లేనా? మా ఏడాది పాపను ఎత్తుకోవడానికి ఆయన జంకుతున్నారు.
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు పాప సంగతి చెబుతానమ్మా. ఇది అంటువ్యాధి కాదు. పాపను ఆయన నిశ్చింతగా ఎత్తుకోవచ్చు, ముద్దు పెట్టుకోవచ్చు. ఈ మాట ఈ రోజే ఆయనకు చెప్పండి.

మీరు రాసింది చూస్తే క్లోరాక్నే, అంటే డయాక్సిన్ లాంటి విష రసాయనాల వల్ల వచ్చే మొటిమల జబ్బు, కావచ్చనిపిస్తోంది. వియత్నాంలో అడవుల ఆకు రాల్చడానికి అమెరికా సైన్యం 1962 నుంచి 1971 వరకు విమానాల నుంచి కలుపుమందులు చల్లింది. వాటిలో ఒకటైన ఏజెంట్ ఆరెంజ్‌లో డయాక్సిన్ అనే విషం ఉండేది. అది ఒంట్లో కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. చాలామందికి క్లోరాక్నే మెల్లగా తగ్గిపోతుంది, కొందరిని మాత్రం దశాబ్దాలు వదలదు.

కళ్ల పక్కన, చెవుల వెనక నల్లటి మొనలు, లేత పసుపు గడ్డలు ఉండి ముక్కు మాత్రం శుభ్రంగా ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే ఈ వయసులో ఎండ, సిగరెట్ల వల్ల కూడా కళ్ల చుట్టూ ఇలాంటివే వస్తాయి. అందుకే స్కిన్ డాక్టర్ చూసి తేల్చాలి. మానని పుండు ఉంటే బయాప్సీ తప్పనిసరి. రెటినాయిడ్ క్రీములతో కొంత ఫలితం ఉంటుంది, పెద్ద గడ్డల్ని చిన్న కోతతో తీస్తారు. గిల్లనివ్వకండి. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించే స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్లు అసలు వద్దు.

చర్మం ఒక్కటే చూసి ఊరుకోకండి. షుగర్, బీపీ, గుండె, ప్రోస్టేట్ పరీక్షలు కూడా చేయించండి. మాజీ సైనికుల శాఖ ఏజెంట్ ఆరెంజ్ రిజిస్ట్రీ కింద ఉచితంగా పరీక్ష చేస్తుంది. పరిహారానికి మాత్రం ఒక మెలిక ఉంది: ఆ మందు సోకిన ఏడాదిలోపే క్లోరాక్నే బయటపడి ఉండాలి. కాబట్టి సర్వీసు నాటి వైద్య రికార్డులు, అప్పటి ఫొటోలు, ఇంటికి రాసిన ఉత్తరాలు ఉంటే బయటికి తీయండి. టైప్ 2 షుగర్‌కూ పరిహారం ఉంది, దానికి ఆ ఏడాది గడువు లేదు. 2022 చట్టంతో బీపీ కూడా పరిహారం ఇచ్చే జబ్బుల జాబితాలో చేరింది. చర్మానికి సంబంధించిన కాగితాలు దొరకకపోయినా వీటికి దరఖాస్తు చేయించండి.